పలక గిటార్‌కి రేకు గొంతు: రెండు పెడళ్ళు వాడి చూశాక

ఒళ్ళో పెట్టుకుని వాయించే ఎలక్ట్రిక్ గిటార్‌ని డోబ్రో అనే రేకు గిటార్‌లా పలికించాలని రెండు పెడళ్ళు వాడి చూశాను. పెడల్ అంటే గిటార్‌కీ స్పీకర్‌కీ మధ్య పెట్టి, కాలితో నొక్కి గొంతు మార్చుకునే చిన్న కరెంటు పెట్టె. ముందే చెప్పేస్తున్నాను, కంపెనీల పేర్లు రాయను. మొదటి పెడల్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. అంతకుముందు ఎవరి కాళ్ళ కింద ఎన్ని తన్నులు తిందో దానికే తెలియాలి. రెండోది మా అల్లుడిది, వాడి చూడమని ఇచ్చాడు. అలాంటి వాటికి పేరు పెట్టి తప్పులెంచడం ధర్మం కాదు. రకం చెప్తాను. ఆ రకం పెట్టె ఎవరిది కొన్నా కష్టసుఖాలు ఇంచుమించు ఇవే.

నేనుండేది చెన్నై పెరంబూరులో. సొంతూరు గూడూరు దగ్గర. 1982లో రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో చేరి 2016 దాకా రేకు పని చేశాను, అంటే షీట్ మెటల్ ఫిట్టర్‌ని. రైలు పెట్టెలకి రేకులు వంచీ కోసీ చెవులు సగం పోయాయి. మిగిలిన సగంతోనే ఈ రివ్యూ. ఉద్యోగంలో చేరిన కొత్తలో పక్క క్వార్టర్స్‌లో ఒక ఆంగ్లో ఇండియన్ అంకుల్ ఉండేవాడు. సాయంత్రం గుమ్మంలో కుర్చీ వేసుకుని, గిటార్‌ని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, ఎడం చేత్తో స్టీలు కడ్డీ జారుస్తూ వాయించేవాడు. రైల్వే ఇన్‌స్టిట్యూట్ డాన్సులకి ఆయన బ్యాండే. నాకొచ్చిన నాలుగు ముక్కలూ ఆయన పెట్టిన భిక్షే. పిల్లల దగ్గరికని ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ తన ఎలక్ట్రిక్ హవాయన్ గిటార్ నా చేతిలో పెట్టి వెళ్ళాడు. ఆరు తీగలు, కలకత్తా తయారీ. డొల్ల లేదు, పెట్టె లేదు, మందపాటి చెక్క పలక, దాని మీద తీగల ఊపుని కరెంటుగా మార్చే ఒక పికప్, అంతే.

ఆయన దగ్గర అమెరికా కంట్రీ రికార్డులు కొన్ని ఉండేవి. వాటిలో ఒక గిటార్ వచ్చేది. స్టీలు కడ్డీ జారుడే కానీ మా పలకలా తీగపాకంలా సాగదు. టంగుమని పలికి, కొంచెం ముక్కుతో మాట్లాడినట్టు వంగి, చటుక్కున ఆగిపోతుంది. అది రేకు చప్పుడని రేకు పని చేసేవాణ్ణి కాబట్టి వెంటనే పట్టేశాను. "అంకుల్, లోపల అల్యూమినియం ఉందా?" అంటే ఆయన పెద్దగా నవ్వి, డోబ్రో కథ చెప్పాడు.

కథ చిన్నదే. 1920లలో మైకులూ యాంప్లిఫయర్లూ లేని రోజుల్లో బూరలూ డ్రమ్ముల మధ్య గిటార్ వినపడేది కాదు. స్లొవేకియా నుంచి అమెరికా వెళ్ళిన జాన్ డోప్యెరా అనే ఆయన గిటార్ పొట్టలో పల్చటి అల్యూమినియం శంఖువులు పెట్టాడు. 1927లో మూడు శంఖువులతో నేషనల్ అనే కంపెనీ వారి ట్రైకోన్ గిటార్ వచ్చింది. తర్వాత ఆయన వాళ్ళతో పొసగక బయటికొచ్చి, అన్నదమ్ములతో కలిసి 1928లో ఒక్కటే పెద్ద శంఖువుతో ఇంకోటి చేశాడు. దాన్ని గిన్నెలా వెల్లకిలా పెట్టి, పైన ఎనిమిది కాళ్ళ సాలీడు లాంటి పోత లోహపు చట్రం కూర్చాడు. తీగల ఊపు ఆ కాళ్ళ గుండా గిన్నె అంచుకి చేరి, గిన్నె మొత్తం స్పీకర్ కోన్‌లా ఆడుతుంది. డోప్యెరా బ్రదర్స్‌లో మొదటి అక్షరాలు కలిపితే డోబ్రో. వాళ్ళ స్లొవాక్ భాషలో ఆ మాటకి అర్థం మంచి అని. పేరు పెట్టడంలోనూ పనితనమే.

తమాషా ఏమిటంటే, అదే నేషనల్‌లో ఉన్న జార్జ్ బోషాంప్ కొద్ది ఏళ్ళకే ఎలక్ట్రిక్ పికప్ కనిపెట్టాడు. 1932లో రికెన్‌బాకర్ వాళ్ళు దాన్ని పెనం ఆకారంలో ఉన్న ఒళ్ళో గిటార్‌కి బిగించి అమ్మారు. వినపడటం కోసం రేకు అక్కర్లేకుండా పోయింది. తొంభై ఏళ్ళు తిరిగేసరికి, ఆ ఎలక్ట్రిక్ వాళ్ళమే రేకు చప్పుడు కోసం కరెంటు పెట్టెలు కొనుక్కుంటున్నాం.

అసలు డోబ్రోనే కొనొచ్చు కదా అంటారు. మా ఆవిడా అదే అడిగింది, ధర చెప్పాక మళ్ళీ అడగలేదు. డబ్బు సంగతి అలా ఉంచినా, మైకు ముందు పెట్టిన డోబ్రో స్పీకర్ల గోల తనే విని తనే కూయడం మొదలుపెడుతుంది. డొల్ల లేని పలకకి ఆ బాధ చాలా తక్కువ. అమెరికాలో పెడల్ స్టీల్ అనే బల్ల గిటార్ వాయించేవాళ్ళకీ ఇదే అవసరం. పది తీగల బల్ల ముందు కూర్చున్నవాడు మధ్యలో ఒక్క పాట కోసం ఇంకో వాయిద్యం ఒళ్ళోకి తీసుకోవడం కంటే కాలితో ఒక మీట నొక్కడం సులువు కదా.

ఇక మొదటి పెట్టె. దీన్ని అకూస్టిక్ సిమ్యులేటర్ అంటారు. ఎలక్ట్రిక్ గిటార్‌ని మామూలు చెక్క గిటార్‌లా వినిపించడానికి చేసింది. పాతది 3,500కి దొరికింది. అడాప్టర్ లేదు. పెరంబూరులో లోకల్ ఎక్కి సెంట్రల్‌లో దిగి, బస్సులో సింప్సన్ దాకా వెళ్ళి రిచీ స్ట్రీట్‌లో దూరాను. ఆ వీధిలో దొరకని వైరు లేదు, అడుగు పెట్టే చోటూ లేదు. తొమ్మిది వోల్టుల అడాప్టర్ అడిగి తెచ్చుకున్నాను. ఇంట్లో పెట్టి చూస్తే లైటు వెలగదు. మోసపోయాననే అనుకున్నాను. మర్నాడు పెడల్ తీసుకుని మళ్ళీ వెళ్తే, కౌంటర్లో ఉన్న చిత్తూరు కుర్రాడు దాని వెనక బొమ్మ చూసి, "సార్, దీనికి మధ్యలో మైనస్ రావాల. మీరు పట్టకపోయిండేది మధ్యలో ప్లస్. పెడళ్ళకంతా ఇట్లే తిరగేసి ఉంటాది" అన్నాడు. వైరు కోసి, తిప్పి అతికి, మీటర్ పెట్టి చూపించి నలభై రూపాయలు తీసుకున్నాడు. పెడల్ కొత్తగా కొనేవాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకున్నా నాలాగా రెండుసార్లు లోకల్ ఎక్కక్కర్లేదు. ఆ అడాప్టర్‌కి మా ఆవిడ గోళ్ళరంగుతో ఎర్ర చుక్క పెట్టాను.

వెలిగాక వాయించాను. ఈ రకం పెట్టె చేసే పని పెద్దదేం కాదు. మధ్య స్థాయిని కాస్త కోసి, పైన మెరుపు పెంచి, కింద పొట్ట తగిలిస్తుంది. చెక్క గిటార్‌కి అది నప్పుతుంది. డోబ్రోకి కావలసింది అందుకు పూర్తిగా వ్యతిరేకం. డోబ్రో ప్రాణమంతా మధ్యలోనే, ఆ ముక్కు గొంతులోనే ఉంది. పెట్టెలో నాలుగు మోడ్లుంటే నాలుగూ తిప్పాను. ఒకదాంట్లో చెక్క గిటార్‌కి జలుబు చేసినట్టుంది, ఇంకోదాంట్లో జలుబు తగ్గింది. రేకు మాత్రం రాలేదు. పైగా మెరుపు పెంచేసరికి పికప్ హమ్ కూడా పెరిగింది. మాది ఒంటి కాయిల్ పాత పికప్. ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ గుయ్యిమనేదే కాకుండా, దాని పై రెట్లన్నీ ఈ పెట్టె భూతద్దంలో పెట్టి చూపించింది. వెనక ఒక ఈక్వలైజర్, అంటే ఏ స్థాయికి ఆ స్థాయి పెంచి తగ్గించే పెట్టె కలిపి, 120 హెర్ట్జ్ కిందంతా కోసి, 800 దగ్గర బాగా లేపాను. అప్పుడు కొంచెం దారికొచ్చింది. మూడు నెలలు దానితోనే నెట్టుకొచ్చి, ఆదివారం మా బృందంలో మేండొలిన్ వాయించే ఆయనకి కొన్న ధరకే అమ్మేశాను. ఆయన ఎలక్ట్రిక్ మేండొలిన్‌కి అది చక్కగా అమరింది, అది వేరే కథ.

రెండో పెట్టె అల్లుడు తెచ్చింది. "మామయ్యగారూ, ఇది ఐఆర్ పెడల్. ఇందులో అసలు డోబ్రో ఫైలే వేసుకోవచ్చు" అన్నాడు. ఐఆర్ అంటే ఇంపల్స్ రెస్పాన్స్. ఖాళీ గుళ్ళో ఒక్క చప్పట్లు కొడితే గుడి తన గొంతుతో జవాబు చెప్తుంది చూడండి, ఆ జవాబుని కొలిచి అంకెల్లో దాచుకోవడం లాంటిదన్నమాట. ఒక డోబ్రో పికప్ ఏం చెప్తోందో, ముందున్న మైకు ఏం వింటోందో ఒకేసారి రికార్డు చేసి, రెంటికీ తేడా లెక్కకడతారు. ఆ తేడాయే ఫైలు. మన గిటార్ శబ్దం ఆ ఫైలు గుండా పోయి బయటికొస్తుంది. శబ్దాన్ని కొలిచి రాసుకున్న ఒక్కో అంకెని శాంపిల్ అంటారు. ఈ పెడల్ 2,048 శాంపిళ్ళ ఫైలు తీసుకుంటుంది. సెకనుకి 48,000 శాంపిళ్ళ చొప్పున అది 43 మిల్లీసెకన్లకి కొంచెం తక్కువ. రేకు గొంతు పోలిక పట్టడానికి అంత చాలు.

ఫైలు ఎక్కించడం మనవడి వంతు. మొదటి ఫైలు 96 కిలోహెర్ట్జ్‌ది, అంటే సెకనుకి 96,000 శాంపిళ్ళది, పెడల్ తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదో చెప్పనూ లేదు, మూగనోము పట్టింది. వాడు 48కి మార్చి ఎక్కించాడు. ఈ పెడల్‌కి కరెంటు కూడా ఎక్కువ కావాలి, అడుగున 300 మిల్లీ యాంపియర్లని రాసి ఉంది. ఎర్ర చుక్క అడాప్టర్ చాలలేదు. వాయిస్తుంటే మధ్యలో ఆరిపోయి మళ్ళీ వెలిగేది. మళ్ళీ రిచీ స్ట్రీట్, మళ్ళీ ఆ కుర్రాడే. ఈసారి గోళ్ళరంగు రెండు చుక్కలు.

మొదటి తీగ మీటగానే వంటింట్లోంచి మా ఆవిడ "ఏమండీ, ఏదో రేకు పడిందా?" అంది. అంతకంటే మంచి రివ్యూ నేను రాయలేను.

నిజంగానే రేకు పలికింది. ఆ ముక్కు గొంతు, మీటిన క్షణంలో వచ్చే లోహపు కరుకుదనం, పై తీగల్లో సన్నటి కంచు పొర. మొదటి పావుగంట నేను పెరంబూరులో లేను. తర్వాత నెమ్మదిగా ఏదో తేడా తెలియసాగింది. ఎక్కడా అని రెండు రోజులు వెతికితే, మొదట్లో కాదు, చివర్లో దొరికింది. ఒక స్వరం మీటి వదిలేస్తే అది రేకు గొంతుతోనే సాగుతోంది, సాగుతోంది, ఇంకా సాగుతోంది. రేకు గొంతు అంతసేపు సాగడం ప్రకృతిలో లేదు.

ఇది పెడల్ తప్పు కాదు. మెట్రో వాటర్ లారీ వచ్చినప్పుడు చూడండి. అడుగున పెద్ద గొట్టం తెరిస్తే ధార జోరుగా పడుతుంది, లారీ నిమిషాల్లో ఖాళీ. డోబ్రో ఆ లారీ. తీగలో ఉన్న బలమంతా శంఖువు గబగబా గాలికి పంచేస్తుంది, అందుకే గట్టిగా పలుకుతుంది, అందుకే తొందరగా ఆగుతుంది. నా పలక గిటార్ మూత బిగించిన ట్యాంకు. ఎక్కడికీ పోదు కాబట్టి తీగ చాలాసేపు ఊగుతుంది. పికప్ పక్కన నిలబడి లోపల ఎంతుందో చూసి చెప్తుందంతే. ఐఆర్ ఆ ధార చప్పుడు అచ్చంగా వినిపిస్తుంది కానీ ట్యాంకు ఖాళీ చేయలేదు. శబ్దం హెచ్చుతగ్గుల్ని సమం చేసే కంప్రెసర్ కలిపితే ఇంకా చెడుతుంది, తగ్గబోయే తోకని అది పట్టుకుని పైకి లేపుతుంది. ఆ తప్పూ చేశాను.

కాబట్టి తోక కోసే పని చేతిదే. అంకుల్ పాఠాల్లో నేను ఎగ్గొట్టింది సరిగ్గా ఇదే, కుడి అరచేతి అంచుతో తీగని ఆపడం. స్వరం మీటడం, అది వంగేదాకా ఉండటం, తీగలు ఆనే బ్రిడ్జి పక్కన అరచెయ్యి దూదిలా ఆనించడం. గట్టిగా ఆనిస్తే టక్కుమని చస్తుంది, అప్పుడు అది డోబ్రో కాదు, బల్ల. చిటికెన వేలి కింద కండ మాత్రమే తగలాలి. ఎడం చేతి కడ్డీ వెనక కూడా రెండు వేళ్ళు తీగల మీద పడుకుని ఉండాలి, లేకపోతే కడ్డీకి అవతలి వైపు తీగ ముక్క వేరే పాట పాడుతుంది. రోజుకి అరగంట చొప్పున నెలన్నర పట్టింది. పెడల్ డబ్బాలో ఈ నెలన్నర గురించి ఎక్కడా రాయలేదు.

శ్రుతి గురించి రెండు మాటలు. నేను ఎప్పుడూ వాడేది సి సిక్స్త్, కింది నుంచి సి, ఇ, జి, ఎ, సి, ఇ. డోబ్రో వాళ్ళది జి శ్రుతి, జి, బి, డి, జి, బి, డి. ఆ పలుకుబడులు సగం జి శ్రుతిలోనే ఉన్నాయి. మార్చబోతే కింది మూడు తీగలూ ఐదేసి అరస్వరాలు దిగాలి. నా గిటార్ తీగ పొడవు ఇరవై రెండున్నర అంగుళాలే, డోబ్రోది ఇరవై అయిదు. దించేసరికి బట్టలారేసే తాడులా వేలాడి, కడ్డీ తగలగానే గరగరమన్నాయి. లావు తీగలు కావాలని మౌంట్ రోడ్డులో డోబ్రో సెట్టే కొనుక్కొచ్చాను, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 16 నుంచి 56 దాకా లావు. అవి ఫాస్ఫర్ బ్రాంజ్. పై తీగలు బోరుమని, కింది తీగలు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు పలికాయి. ఆలోచిస్తే నవ్వొచ్చింది. రేకు పనివాణ్ణి అయ్యుండీ మరిచిపోయాను, కంచుకి అయస్కాంతం అంటదు. చుట్టిన కంచు పికప్‌కి కనపడదు, లోపలి ఉక్కు తీగే కనపడుతుంది. అదే లావులో నికెల్ చుట్టిన తీగలు వేశాక సరిపోయింది. సెట్టు డబ్బులు నీళ్ళపాలు.

ఇంకో చిక్కుంది. దొరికే డోబ్రో ఐఆర్‌లలో చాలా భాగం బ్రిడ్జి కింద పెట్టి, అయస్కాంతం లేకుండా అదురునే పట్టే పీజో పికప్ కోసం చేసినవి. అయస్కాంతం పికప్ చెప్పేది వేరు. మనవడు ఎక్కించిన తొమ్మిది ఫైళ్ళలో ఆరు చెవిలో సూదుల్లా ఉన్నాయి. మూడు నప్పాయి, అందులో ఒకటే వాడుతున్నాను. ఫిష్‌మన్ వాళ్ళు డోబ్రో విద్వాంసుడు జెర్రీ డగ్లస్ పేరుతో ఒక పెడల్ తెచ్చారు. అది అసలు రెసొనేటర్ గిటార్‌కి, అంటే డోబ్రో లాంటి శంఖువు గిటార్‌కి పికప్ పెట్టుకున్నవాళ్ళ కోసం, వాళ్ళ మైకు గొంతు వాళ్ళకి తిరిగివ్వడానికి. మనలాంటి పలక వాళ్ళు పేరు చూసి మోజుపడి కొనే ముందు ఈ తేడా గమనించాలి.

నా సెట్టింగు ఇది. ఐఆర్ కలపడం 70 శాతం. నూరు పెడితే దూరంగా, గదిలోంచి వినపడినట్టు ఉంటుంది. ఆ మిగతా ముప్ఫైలో మీటు స్పష్టంగా తెలుస్తుంది. 120 కింద కోత. 800 దగ్గర ఇప్పుడు పెంచనక్కర్లేదు, ఫైలులోనే ఉంది. గది మోతలాంటి రివర్బ్ చిటికెడు. బొటనవేలికి ప్లాస్టిక్, రెండు వేళ్ళకి లోహపు గోళ్ళు. బ్రిడ్జికి దగ్గరగా మీటాలి, నడుమ మీటితే మళ్ళీ హవాయి వచ్చేస్తుంది.

ఉగాదికి ఒక హాల్లో మా బృందం కార్యక్రమం. పచ్చడి పంచుతుండగా మాకు ఇరవై నిమిషాలిచ్చారు. స్టేజీ లైట్లు వేయగానే హమ్ మొదలైంది. గిటార్‌ని ఒళ్ళో కొంచెం కొంచెంగా పక్కకి తిప్పుకుంటూ పోతే ఒక కోణంలో అది చాలావరకు అణిగింది. ఆ కోణంలో నా ముఖం జనానికి కాకుండా హార్మోనియం ఆయనకి ఎదురైంది. అలాగే వాయించాను. ఒక పల్లెపదం వరస మొదటి చరణం పెడల్ లేకుండా, రెండోది పెడల్ నొక్కి. స్పీకర్లు నెత్తి మీదే ఉన్నా ఒక్కసారి కూత లేదు. అసలు డోబ్రో అయితే ఆ హాల్లో మైకతను నన్ను దించేసేవాడు.

అయ్యాక ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, నా ఒళ్ళో పలకని అటూ ఇటూ చూసి, "రెండో చరణం టేపు పెట్టారాండీ?" అని అడిగారు. పొగడ్తో తిట్టో తేలక పెడల్ చూపించాను. ఆయన వంగి చూసి, "దీన్లో ఉందా టేపు?" అన్నారు.

ఎవరు కొనొచ్చంటే, హవాయన్ గిటార్ కొద్దోగొప్పో వాయిస్తూ ఒకటి రెండు పాటలకి ఆ రంగు కావాలనుకునేవాళ్ళు ఐఆర్ పెడల్ కొనుక్కోండి. ఫైళ్ళు మార్చిపెట్టే మనవడు ఇంట్లో ఉంటే ఇంకా మంచిది. అకూస్టిక్ సిమ్యులేటర్ జోలికి డోబ్రో కోసం పోవద్దు. ఇంట్లో ఒంటరిగా కూర్చుని డోబ్రో మాత్రమే వాయించాలనుకునేవాళ్ళు డబ్బు కూడబెట్టుకుని అసలుదే తెచ్చుకోండి. ఒళ్ళో ఆ రేకు అదరడం తొడకి తెలుస్తుందని అంకుల్ చెప్పేవాడు, అది ఏ పెట్టెలోనూ రాదు.

పెడల్ ఇంకా నా దగ్గరే ఉంది. అల్లుడు పోయిన నెల వచ్చినప్పుడు దాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని, అడాప్టర్ మీద రెండు ఎర్ర చుక్కలు చూసి, మళ్ళీ అక్కడే పెట్టేశాడు.